చేవెళ్ల దారిలో ఫార్మ్ భోజనం: ముందురోజు ఫోను నుంచి ఇంటికొచ్చి సంచి విప్పేదాకా

ఫార్మ్‌లో ఆదివారం మధ్యాహ్నం తినే నాటుకోడి కూర శనివారం రాత్రే ఖాయమవుతుంది. ఆరుబయట తిరిగే కోళ్లు పగలు చేతికి చిక్కవు. చీకటి పడి గూటికి చేరినప్పుడే పట్టుకుని గంప కింద వెయ్యాలి. ఈ సంగతి తెలియక పన్నెండున్నరకు దిగి "నాటుకోడి ఉందా" అని అడిగే కుటుంబాలు ప్రతి ఆదివారం కనిపిస్తాయి. వాళ్లకు భోజనం మూడు గంటలకు అందుతుంది, అప్పటిదాకా పిల్లలకు బిస్కెట్లే గతి. ఫార్మ్ వంటిల్లు హోటల్ వంటిల్లు కాదు. అక్కడ రెండు పొయ్యిలు, ఇద్దరు మనుషులు, ఆ పూట కోసిన కూరగాయలు ఉంటాయి. దానికి తగ్గట్టు మనం రోజును అమర్చుకుంటే ఆ తిండికి సాటి లేదు.

మేం ఎక్కువగా వెళ్లేది హైదరాబాదుకు పడమటి పక్కనున్న మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు. మెహిదీపట్నం నుంచి మొయినాబాద్ పాతిక కిలోమీటర్లు, చేవెళ్ల నలభై పైచిలుకు. నగరానికి ఇంత దగ్గర్లో ఇంకా పొలాలు మిగిలి ఉండటానికి ఒక కారణం 1996లో వచ్చిన 111 జీవో. గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువుల్లోకి వచ్చే నీటిని కాపాడటానికి 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలకు, పరిశ్రమలకు అది అడ్డుకట్ట వేసింది. ఆ జీవో మీద వాదాలు నేటికీ నడుస్తూనే ఉన్నాయి. కానీ ఈ పాతికేళ్ల పైచిలుకు కాలంలో ఆ పల్లెల్లో ఆకుకూరలు, టమాట, క్యారెట్, పూలతోటలు నిలబడ్డాయంటే దాని పుణ్యం చాలానే ఉంది.

ఫార్మ్ అనే బోర్డు కింద మూడు రకాలు నడుస్తున్నాయి. మొదటిది రిసార్టు పద్ధతి: మనిషికింత అని టికెట్, ఈతకొలను, బఫే. రెండోది రోడ్డు పక్క దుకాణం మాత్రమే, వెనక పొలం ఉండదు, సరుకు వేరేచోటి నుంచి వస్తుంది. మూడోది నిజంగా సాగు చేస్తూ, పక్కన చిన్న దుకాణం పెట్టుకుని, చెప్తే భోజనం వండిపెట్టేది. పిల్లలకు పంట చూపించి, మంచి తిండి తిని, ఇంటికి వారం సరుకు తెచ్చుకోవాలనుకునే వాళ్లకు మూడోదే సరైనది. ఏది ఏ రకమో ఫోన్లో ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది: "ఇప్పుడు పొలంలో కోతకొచ్చినవి ఏమున్నయి?" సాగు చేసేవాళ్లు తడుముకోకుండా నాలుగు పేర్లు చెప్తారు. "అన్నీ ఉన్నయి సార్" అన్నారంటే మార్కెట్ నుంచి తెచ్చి పెట్టుకున్నట్టే. అన్నీ ఏ పొలంలోనూ ఒకేసారి ఉండవు.

కాలాన్ని బట్టి ఏముంటుందో ముందే తెలిస్తే మోసపోం, పిల్లలకూ లేనిపోని ఆశలు పెట్టం. నవంబరు నుంచి జనవరి దాకా ఈ వైపు మంచి కాలం. టమాట, గోబీ, క్యారెట్, చిక్కుడు, అనపకాయ, రకరకాల ఆకుకూరలు, జామ అన్నీ అప్పుడే. డిసెంబరు, జనవరిలో జొన్న పాలుపట్టి గింజ ముదరకముందు ఊచబియ్యం దొరుకుతుంది. కంకిని నిప్పుల మీద కాల్చి, వేడివేడిగా అరచేతుల్లో నలిపి, పొట్టు ఊదుకుని తినేది. అది ఏ దుకాణంలోనూ అమ్మరు, పొలంలోనే తినాలి. ఫిబ్రవరి, మార్చిలో ద్రాక్ష, ఏప్రిల్, మే మామిడి. వానాకాలంలో మక్కబుట్టలు, బోడకాకర, నేరేడు. దసరా అటూ ఇటూ సీతాఫలం. ఏప్రిల్, మే నెలల్లో పదిన్నర దాటాక పొలంలో నిలబడలేం. ఆ నెలల్లో వెళ్తే పొద్దున ఏడున్నరకల్లా అక్కడుండి, నడక ముగించి, తొందరగా తిని, నీడన పడుకోవడమే పద్ధతి.

ఇక ముందురోజు ఫోను. మేం చేసేది దాదాపు ఇలా ఉంటుంది.

"అన్నా, రేపు పన్నెండు మందిమి వస్తున్నం. ఎనమండుగురు పెద్దలు, నలుగురు పిల్లలు. కోళ్లు మీయేనా, బయటికెళ్లి తెస్తరా?"

"మాయే సార్. ఎన్ని కావాల్నో ఇప్పుడే చెప్పున్రి, రాత్రికి పట్టి గంప కింద ఏస్తం."

"కిలో రేటు బతికిన కోడికా, కోసినంకనా?"

ఈ చివరి ప్రశ్న మాత్రం మరవొద్దు. కిలోన్నర కోడిని కోసి శుభ్రం చేస్తే చేతికొచ్చేది కిలో, అంతే. రేటు బతికిన తూకానికా, మాంసం తూకానికా అన్నదాన్ని బట్టి బిల్లు మూడో వంతు మారిపోతుంది. తిన్నాక గొడవ పడేకన్నా ముందే అడగడం ఇద్దరికీ మర్యాద. కోడి కోసిన కూలి, వంట కూలి, మసాలా ఖర్చు విడిగానా, కలిపేనా అన్నదీ అప్పుడే తేల్చుకోవాలి. సగం అడ్వాన్సు ఫోన్‌పేలో వేసేస్తే వాళ్లకూ నమ్మకం. రాత్రి పట్టిన కోళ్లకు పొద్దున మనుషులు రాకపోతే నష్టం వాళ్లదే కదా.

అదే ఫోన్లో ఇంకొన్ని అడగాలి. ఇంట్లో పెద్దవాళ్లుంటే కమోడ్ ఉన్న బాత్రూం ఉందా, కూర్చుని తినడానికి కుర్చీలున్నాయా, కారు ఎంతదాకా వస్తుంది. వానాకాలమైతే లోపలి దారి చెల్కనా, నల్లరేగడా అని అడగాలి. ఎర్ర చెల్క నేల వాన వెలిసిన రెండు గంటలకే నీళ్లు దిగిపోయి నడవనిస్తుంది. నల్లరేగడి అలా కాదు. ఒక్క గట్టి వానకే టైరు చుట్టూ ముద్దలా అంటుకుని చక్రం తిరుగుతుంది కానీ బండి కదలదు. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఇంకా దిగబడుతుంది. అలాంటి చోట కారు తారురోడ్డు మీదే ఆపి, లోపలికి వాళ్ల ట్రాక్టర్లోనో ఆటోలోనో వెళ్లడం మంచిది.

పన్నెండు మందికి కొలతలు ఇవి. నాటుకోడి కోసినది రెండు కిలోలు, అంటే కిలోన్నర పైన ఉన్న కోళ్లు రెండు. జొన్నరొట్టెలు ఇరవై, దానికి పిండి కిలోంబావు నుంచి కిలోన్నర. రొట్టె ఉంటే అన్నం తగ్గుతుంది కాబట్టి బియ్యం కిలో చాలు. కందిపప్పు 300 గ్రాములు, వంకాయ కిలో, పెరుగు రెండు లీటర్లు, పచ్చిపులుసు ఒక పెద్ద గిన్నె. కొత్తగా వెళ్లేవాళ్లు చేసేది దీనికి బగారా అన్నం, మటన్, చేపల వేపుడు, రెండు స్వీట్లు కలిపేయడం. రెండు పొయ్యిల మీద ఇన్ని రకాలు వండాలంటే ఒకటి ఉడికేసరికి ఇంకొకటి చల్లారుతుంది. కోడికూర, పప్పు, ఒక కూరగాయ, పచ్చిపులుసు, పెరుగు. ఇంతకు మించి చెప్పకపోవడమే తిండికి న్యాయం.

పిల్లల సంగతి విడిగా చెప్పాలి. పల్లె నాటుకోడి కారం మామూలుగా ఉండదు. అడిగితే కూర ఉడికాక, కారం వెయ్యకముందే, రెండు గరిటెలు వేరే గిన్నెలోకి తీసి పసుపు, ఉప్పు, కొంచెం ధనియాలపొడితో పక్కన పెడతారు. కారం వేశాక ఎవరూ ఏమీ చెయ్యలేరు. పెరుగు కలిపితే కారం తగ్గుతుందేమో కానీ కూర రుచి పోతుంది.

దారి విషయం. మెహిదీపట్నం, టోలీచౌకి వైపు వాళ్లకు లంగర్‌హౌస్, అప్పా జంక్షన్ మీదుగా బీజాపూర్ రోడ్డు. ఎల్బీనగర్, ఉప్పల్ వాళ్లు ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి చుట్టి రావడమే నయం. ఊళ్లోంచి వస్తే సమయమంతా సిగ్నళ్లకే పోతుంది. కూకట్‌పల్లి, మియాపూర్ నుంచి శంకర్‌పల్లి దారి దగ్గర. మొయినాబాద్ దాటాక రోడ్డుకు రెండు పక్కలా పాత మర్రిచెట్లు గొడుగు పట్టినట్టుంటాయి, ఎండాకాలంలో కూడా కారు అద్దం దించుకోవచ్చు. అంత అందంగా ఉన్న రోడ్డే అంత ప్రమాదం కూడా. ఇరుకు, మలుపులు, పైగా తాండూరు నుంచి బండలు, సిమెంటు, కంకర వేసుకొచ్చే లారీలు. ఓవర్‌టేక్ జోలికి పోకుండా లారీ వెనకే నింపాదిగా వెళ్లండి, పది నిమిషాలు ఆలస్యమైనా కూర పొయ్యి మీదే ఉంటుంది.

ఇంటి నుంచి ఏడున్నరకు బయల్దేరితే తొమ్మిదిలోపు చేరతాం. ఇంట్లోనే ఇడ్లీలు తిని వెళ్లడం మంచిది. చిలుకూరు బాలాజీ దర్శనం కూడా పెట్టుకోవాలనుకుంటే తెల్లవారుజామున మొదట అదే ముగించుకోవాలి. ఆదివారం పదిగంటలకు అక్కడ దిగితే పార్కింగుకే పొద్దు గడిచిపోతుంది, పదకొండు ప్రదక్షిణలు అయ్యేసరికి ఫార్మ్‌లో రొట్టెలు చల్లారి ఉంటాయి.

వెంట తీసుకెళ్లాల్సినవి: తాగే నీళ్లు మనవే, మనిషికి రెండు లీటర్ల లెక్కన, ఎందుకంటే బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి, కొత్త నీళ్లకు పిల్లల కడుపు తిరుగుతుంది. కాలు మూసే బూట్లు. చేతులు కడుక్కునే సబ్బు. నూలు సంచులు నాలుగైదు, ఒక పాత తడిగుడ్డ, పాలు తేవాలనుకుంటే ఐసు వేసిన థర్మకోల్ డబ్బా. షుగర్ మందులు వేసుకునే పెద్దవాళ్లుంటే పల్లీపట్టి, అరటిపండు దగ్గర పెట్టుకోవాలి. ఫార్మ్ భోజనం గంట ఆలస్యం కావడం మామూలే, ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు ఆ గంట మామూలు గంట కాదు. వండిన పళ్లెం ముందుకు వచ్చాకే సూది వేసుకోవడంలాంటి విషయం ముందే డాక్టరునడిగి తెలుసుకుంటే నిశ్చింత.

చేరగానే మొదట చెయ్యాల్సింది దుకాణంలోకి వెళ్లడం. కొనడానికి కాదు, చెప్పి ఉంచడానికి. గుడ్లు, నెయ్యి, ఆ పొద్దున కోసిన ఆకుకూర పదకొండుకల్లా అయిపోతాయి. ఏమేం కావాలో చీటీ రాసి ఇచ్చి "వెళ్లేముందు కట్టియ్యండి" అంటే పక్కన పెడతారు. ఆకుకూర మాత్రం అప్పుడే కోయించుకోవద్దు. బయల్దేరే అరగంట ముందు కోయమని చెప్పాలి.

తర్వాత పొలం నడక, పది గంటలలోపు. పిల్లల్ని ముందే కూర్చోబెట్టి నాలుగు మాటలు చెప్పాలి: డ్రిప్పు పైపుల మీద కాలు వెయ్యొద్దు, మోటారు స్టార్టరు డబ్బా ముట్టొద్దు, కోసింది కడగకుండా నోట్లో పెట్టొద్దు, పెద్దవాళ్లు లేకుండా నీళ్ల దగ్గరికి పోవద్దు. టమాట, చిక్కుడు కోయనిచ్చేటప్పుడు చివరిసారి మందు ఎప్పుడు కొట్టారో అడగడం మన బాధ్యత. మందు రకాన్ని బట్టి కోతకు ముందు ఇన్ని రోజులు ఆగాలని డబ్బా మీదే రాసి ఉంటుంది. రైతు నిజం చెప్తాడు, అడిగితే. టమాటను లాగితే కొమ్మ విరుగుతుంది. తొడిమ దగ్గర కణుపు మీద బొటనవేలు ఆనించి వంచితే టక్కున వస్తుంది. క్యారెట్‌కు ముందు నేల తడిగా ఉండాలి, ఆకు మొదలు దగ్గర పట్టుకుని కొంచెం తిప్పి లాగాలి. పిల్లలు ఆకు పైన పట్టుకుని లాగుతారు, ఆకు చేతికొస్తుంది, గడ్డ భూమిలోనే ఉండిపోతుంది.

ఫార్మ్‌లో నాకు అన్నిటికన్నా భయం వేసేది పాలిథిన్ షీటు పరిచిన నీటికుంట. పాత వ్యవసాయ బావికి కనీసం మెట్లో రాళ్లో ఉంటాయి. ఈ కుంట చూడ్డానికి ఈతకొలనులా నీలంగా, లోతు లేనట్టు కనిపిస్తుంది. దాని అంచు వాలు, నున్నటి షీటు, పైన పాచి. ఒకసారి జారితే ఈత వచ్చిన పెద్ద మనిషికి కూడా పట్టు దొరకదు, ఎంత పాకినా మళ్లీ కిందికే జారతాడు. చుట్టూ కంచె, తాళం ఉన్న గేటు, లోపలికి వేలాడదీసిన ముడుల తాడు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే పిల్లలతో ఆ వైపే వెళ్లొద్దు, యజమానికి కూడా ఆ మాట చెప్పండి.

ఇంకోటి పక్క పొలం. అడవిపందుల బెడదకు కొందరు సోలార్ కంచె వేస్తారు, అది తగిలితే జిల్లుమంటుంది కానీ ప్రాణం తియ్యదు. మరికొందరు నేరుగా కరెంటు తీగ కట్టేస్తారు, అది ప్రాణాలు తీసేదే. మనం వెళ్లిన ఫార్మ్ హద్దు దాటి అడుగు పెట్టకపోవడమే దారి. పాములు కూడా ఉంటాయి, గడ్డిలో, రాళ్లకుప్పల దగ్గర. బూట్లు వేసుకుని, చప్పుడు చేస్తూ, కనిపించే బాట మీదే నడిస్తే చాలావరకు అవే తప్పుకుంటాయి. కరిస్తే కోయడాలు, పీల్చడాలు, మంత్రాలు వద్దు. కాలు కదపనివ్వకుండా 108కి ఫోను చేసి విషానికి విరుగుడు మందున్న ఆసుపత్రికి పోవాలి.

నడక అయ్యాక వంటింటి దగ్గర ఓ అరగంట కూర్చోండి. అక్కడ చూసేది పొలంలో చూసినదానికి తక్కువేమీ కాదు. నాటుకోడిని ఈకలు పీకాక తోలు ఒలవరు. మంట మీద తిప్పితిప్పి కాల్చి, సన్న ఈకలు మాడిపోయాక పసుపు రాసి కడిగి, తోలుతోనే ముక్కలు కొడతారు. ఆ కాలిన తోలే కూరకు ఆ వాసన ఇస్తుంది. ఎల్లిగడ్డ, అల్లం, ధనియాలు, ఎండుకొబ్బరి, గసగసాలు రోట్లో దంచిన ముద్ద. లేత పుంజైతే ముప్పావుగంటలో ఉడుకుతుంది, గుడ్లు పెట్టి ముదిరిన పెట్ట గంటన్నరకు కూడా దారికి రాదు. కట్టెల పొయ్యి మీద మంట ఎక్కువ పెట్టి తొందరపెడితే నీరు ఇంకిపోతుంది, ముక్క మాత్రం రబ్బరులాగే ఉంటుంది. అందుకే తొమ్మిదిన్నరకు కోసి పదిన్నరకు పొయ్యెక్కిస్తేనే పన్నెండున్నరకు పళ్లెంలో పడుతుంది. ఈ లెక్క ఫోన్లోనే వాళ్లతో అనుకోవాలి.

జొన్నరొట్టె దగ్గరే చాలా భోజనాలు తడబడతాయి. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు, అందుకే మరిగే నీళ్లు పోసి కలుపుతారు. రొట్టెలు చేసే ఆమె మొత్తం పిండిని ఒకేసారి కలపదు. రెండు రొట్టెలకు సరిపడా తీసుకుని, చల్లారకముందే అరచేతి మడమతో పీట మీద వత్తి వత్తి మెత్తబరుస్తుంది. ముద్దను పొడిపిండిలో అద్ది, ఒక చేత్తో తిప్పుతూ ఇంకో చేత్తో తడుతుంది. అంచు పగలబోతుంటే వేళ్లతో కూడదీస్తుంది. పెనం మీద వేశాక పైన పొడిపిండి మీద తడిగుడ్డతో నీళ్లు తుడుస్తుంది. ఆ తడి ఆరగానే తిరగేస్తుంది. ఆలస్యమైతే పైన బీటలు పడతాయి, తొందరపడితే పెనానికి అంటుకుంటుంది. చివరికి పెనం పక్కకు జరిపి నిప్పుల దగ్గర నిలబెడితే పొంగుతుంది. ఒక్కోదానికి మూడు నిమిషాలు. ఇరవై రొట్టెలంటే ఒక పెనం మీద గంట. చల్లారిన జొన్నరొట్టె గట్టిపడుతుంది కాబట్టి ముందే చేసి పెట్టే వీలు లేదు. పిండి పాతదైతే ఎంత చేయి తిరిగిన మనిషికైనా అంచులు విరుగుతాయి, పైగా చేదు వాసన వస్తుంది. ఆడించి రెండు వారాలు దాటని పిండేనా అని అడగండి.

అందుకని పన్నెండు మందీ ఒకేసారి కూర్చోకూడదు. పన్నెండుంబావుకు పిల్లలు, పెద్దవాళ్లు మొదటి బంతి. వాళ్లకు అన్నం, పప్పు, నెయ్యి, ఒక్కో రొట్టె చాలు. మిగతావాళ్లు ఒంటిగంటకు, పెనం మీంచి నేరుగా పళ్లెంలోకి వచ్చే రొట్టెతో. రొట్టె తుంచి కూరలో ముంచి తిన్నాక, చివర్లో అన్నంలో పచ్చిపులుసు పోసుకోవాలి. చింతపండు రసం, కాల్చిన పచ్చిమిర్చి నలిపినది, పచ్చి ఉల్లిగడ్డ, కొత్తిమీర, ఉప్పు, పైన పోపు. పొయ్యి మీద కాగించని పులుసు కాబట్టి నాటుకోడి మంటంతా దాంతో దిగుతుంది.

భోజనమయ్యాక గంటసేపు చెట్టుకింద నడుం వాల్చి, అప్పుడు దుకాణం. ఇక్కడ కొంచెం లెక్క తెలిస్తే చాలు, ఎవర్నీ అనుమానించనక్కర్లేదు, అంకెలే మాట్లాడతాయి.

గానుగ పల్లినూనె లీటరుకు పల్లీలు దాదాపు రెండుంబావు నుంచి రెండున్నర కిలోలు పడతాయి. ఆ రోజు పల్లీల ధరతో గుణించి, ఆడించిన కూలి కలిపి, చెక్క, అంటే నూనె తీశాక మిగిలే పిప్పి, అమ్మగా వచ్చే కొంత తీసేయండి. వచ్చిన అంకె కన్నా సీసా ధర తక్కువుంటే అందులో ఇంకేదో కలిసింది. నెయ్యీ అంతే. ఆవుపాలలో వెన్న శాతం నాలుగు అటూ ఇటూ, కాబట్టి కిలో నెయ్యికి పాతిక నుంచి ముప్పై లీటర్ల పాలు కావాలి. గేదెపాలలో ఏడు దాకా ఉంటుంది, పదిహేను లీటర్లు సరిపోవచ్చు. పాల ధర అందరికీ తెలిసిందే. ఆవునెయ్యి కిలో ఆరేడు వందలకు వస్తోందంటే ఆ పాలు ఎవరిచ్చారో అడగాలి.

గుడ్ల దగ్గర రంగు చూసి నాటుగుడ్డు అనుకోవద్దు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికి తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ జాతులు కూడా గోధుమరంగు గుడ్లే పెడతాయి. అవి మంచి కోళ్లే, తినడానికి ఏ లోటూ లేదు, కానీ అచ్చమైన నాటుకోడి ఏడాదికి అరవై డెబ్భై గుడ్లు పెడితే గ్రామప్రియ దానికి రెండు మూడు రెట్లు పెడుతుంది. కాబట్టి ధర ఒకటి కాకూడదు. నాటుగుడ్డు చిన్నది, అన్నీ ఒకే సైజులో ఉండవు. ట్రేలో ముప్పై గుడ్లూ అచ్చు గుద్దినట్టున్నాయంటే నాటువి కావు. తాజాదనం చూడాలంటే నీళ్లలో వెయ్యాలి: అడ్డంగా పడుకుంటే తాజా, నిలబడితే పాతది, తేలితే పారేయాలి.

ఈ దారిలో వెళ్లి కందిపప్పు కొనకుండా రావడం నాకు మనసొప్పదు. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ నేల గుణం వల్ల తొందరగా ఉడుకుతుంది, రుచి కమ్మగా ఉంటుంది. పాలిష్ పట్టనిది మెరవదు, మసకగా, అక్కడక్కడ పొట్టు ముక్కలతో ఉంటుంది. నిగనిగలాడే పప్పు చూసి మురిసిపోవద్దు. తేనె నీళ్లలో వేసి చూసే పరీక్షలు నమ్మదగ్గవి కావు. చలికాలంలో గడ్డకట్టిందని కల్తీ అనుకోవడమూ పొరపాటే, అసలైన తేనె చాలావరకు గడ్డకడుతుంది.

"ఆర్గానిక్" అని బోర్డు ఉంటే సర్టిఫికెట్ చూపమనండి. చిన్న రైతుల బృందాలకు పీజీఎస్-ఇండియా (రైతులే ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకునే ప్రభుత్వ పద్ధతి) ఇచ్చేది ఉంటుంది. అందులో "గ్రీన్" అంటే ఇంకా మారే దశలో ఉన్నారని, "ఆర్గానిక్" అంటే ఆ దశ దాటారని. ప్యాకెట్లో కట్టి అమ్మే పచ్చడి, పొడులు, నూనె మీద కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 14 అంకెల నంబరు ఉండాలి. సర్టిఫికెట్ లేని రైతు అబద్ధాలకోరని కాదు. చాలామందికి ఆ కాగితాల తిరుగుడుకు తీరిక లేదు. కానీ అప్పుడు ధర కూడా మామూలు ధరే ఉండాలి. బయల్దేరేముందు రైతుబజారు బోర్డు ధర ఒకసారి చూసి వెళ్తే పోల్చుకోవచ్చు. నేను ఆ ధరకు పావు వంతు ఎక్కువ ఇవ్వడానికి వెనకాడను, పొద్దున కోసిన కూరకు అది న్యాయమే. రెండింతలు అంటే మాత్రం పప్పు, నూనె తీసుకుని కూరగాయలు వదిలేస్తాను.

నాలుగు గంటలకల్లా కారెక్కాలి. ఐదు దాటితే వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల నుంచి దిగేవాళ్లు, చిలుకూరు భక్తులు, ఫార్మ్‌హౌస్ పార్టీల వాళ్లు అందరూ అప్పా జంక్షన్ దగ్గరే కలుస్తారు. సరుకు సర్దేటప్పుడు డిక్కీ వేడిని మరవొద్దు. ఎండలో నిలిచిన కారు డిక్కీలో ఆకుకూర గంటలో వాడిపోతుంది, పచ్చిపాలు రెండు మూడు గంటల్లో విరిగిపోతాయి. పాలు, పనీరు ఐసు డబ్బాలో, ఆకుకూర తడిగుడ్డ చుట్టి ఏసీ తగిలేలా సీటు కింద, బరువైనవి డిక్కీలో, టమాట అన్నిటికన్నా పైన.

ఇంటికి రాగానే కాళ్లు చాపుకోకముందు పాలు కాచెయ్యండి. క్యారెట్ ఆకులు అప్పుడే తుంచెయ్యాలి, లేకపోతే గడ్డలోని తడి అంతా ఆకు పీల్చేసి రెండు రోజుల్లో క్యారెట్ వడలిపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టేముందు గుడ్లు కడగొద్దు, పొడిగుడ్డతో తుడిస్తే చాలు, కడిగితే పెంకు మీది సహజ పొర పోయి తొందరగా పాడవుతాయి. గోంగూర ఆకు తెంపి, తడి లేకుండా కాగితంలో చుట్టాలి. టమాట పచ్చివి పండేదాకా బయటే. పచ్చి పల్లికాయ తెచ్చుకుంటే ఆ రాత్రే సగం ఉప్పువేసి ఉడకబెట్టుకుని, మిగతాది మర్నాడు మేడ మీద పలచగా ఆరబొయ్యాలి. ఊపితే లోపల గింజ గలగలమనేదాకా రోజూ ఎండ చూపించాలి. సంచిలోనే ఉంచేస్తే బూజు పడుతుంది, బూజుపట్టిన పల్లీ కడిగినా వేయించినా తినకూడదు.